పౌల్సెన్ అంటే పాల్ కొడుకు

ఓలెసుండ్, నార్వే
జూన్ 2, 2024

కాంతం అత్తకి,

నీ మేనకోడలు షాలిని వందనాలు. నీ చెవుల పుణ్యమా అని ఈ ఫోన్ల కాలంలో కూడా నాకు ఉత్తరాలు రాసే అలవాటు పోలేదు. నా చేతిరాత చూసి తిట్టకు, నువ్వు నేర్పిందే.

ఊరు మారాను. ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరాను. అడిగి మరీ వేయించుకున్నానని నాన్నకి చెప్పలేదు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. మన పాల్ బావ పనిచేసిన ఓడ ఆఖరిసారి ఆగింది ఈ రేవులోనే. ఇక్కడినుంచి బయల్దేరిన మర్నాడు మనుషుల్ని లెక్క చూస్తే బావ లేడు. ఆ రేవు నా గది కిటికీలోంచి కనిపిస్తుంది. పొద్దున లేవగానే పరదా తీయాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తాను.

ఈ కాలంలో ఇక్కడ సరిగ్గా చీకటి పడదు అత్తా. దుప్పటి కప్పుకున్నా రెప్పల వెనక తెల్లగానే ఉంటుంది. చీకటికే కాదు, వెలుతురుకి కూడా భయం వేస్తుందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

నిన్ను నవ్వించే కబురొకటి చెప్తాను. పూర్వం వీళ్ళకి ఇంటిపేర్లు లేవట. తండ్రి పేరే పేరు. హాన్స్ కొడుకైతే హాన్సెన్, పేడర్ కొడుకైతే పేడర్సెన్. సెన్ అంటే కొడుకు. నాతో పనిచేసే హెల్గా పేరు పౌల్సెన్. పౌల్ అంటే ఎవరనుకున్నావు, మన బైబిల్లో పౌలే, మన పాలే! ఆడమనిషివి, పాల్ కొడుకువి ఎలా అయ్యావమ్మా అని అడిగితే నవ్వి ఊరుకుంది. దానికి మాయా అని ఆరేళ్ళ కూతురుంది. అదీ పౌల్సెనే. బడి వదలగానే మా దగ్గరికి వచ్చి ముసలాళ్ళ మధ్య కూర్చుని బొమ్మలు వేస్తుంది.

ఈ లెక్కన బావ డేవిడ్‌రాజుసెన్ అవ్వాలి. కానీ మన ఊళ్ళో మావయ్య పేరు తలిచేవాళ్ళెవరు? బావ చంటిపిల్లాడప్పుడే ఆయన పోయారు. అందరికీ బావ కాంతం టీచరు కొడుకే. అంటే కాంతంసెన్ అన్నమాట.

రేఖక్కని అడిగానని చెప్పు. మందులు మానకు.

నీ షాలిని


భావనపాడు
జూన్ 26, 2024

ఒసే షాలినీ,

దీవెనలు. కాంతంసెన్ చదివి పకపకా నవ్వాను. రేఖ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, అత్తకి ఏమైందో అని. ఈ ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది కదా, హడలిపోయింది. ఆ తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మళ్ళీ చదివాక నవ్వు రాలేదు.

ముందు ఇక్కడి సంగతి చెప్తాను. ఇది రేఖ ఫోనుకి పంపేది కాదు, అందుకే తపాలాలో వేస్తున్నాను.

కొత్తవలసలో భాస్కర్ అని మన చర్చి సంఘంవాడే, కిరండోల్ రైలు లైన్లో ఖనిజం బళ్ళు నడిపే డ్రైవరు. పెళ్ళాం పోయింది. రేఖని చేసుకుంటానని అయ్యగారి ద్వారా కబురంపాడు. పాల్ పోయినట్టు కోర్టు కాగితం ఉంటే గానీ అయ్యగారు పెళ్ళి చేయరు, అది న్యాయమే. ఏడేళ్ళు దాటింది కాబట్టి కాగితం వస్తుందట. కానీ తల్లి ముందుకు రావాలి. "ఇన్నేళ్ళుగా నా కొడుకు గురించి నేనేమీ వినలేదు" అని నేను రాసి సంతకం పెట్టాలి. వకీలు ఒక కాగితం తయారుచేసి ఇచ్చాడు. అది నా బైబిల్లో ఉంది.

నా కోడలు చెడ్డపిల్ల కాదే. ఒక్కమాటతో కూడా తొందరపెట్టలేదు. ముప్పై మూడేళ్ళు దానికి. ఇన్నేళ్ళూ నాకు గంజి కాచి పోసింది, నా చెవులు పోయినప్పుడు నా వెనకే తిరిగింది. నేను సంతకం పెడితే అది బతుకుతుంది, నా కొడుకు చస్తాడు. పెట్టకపోతే ఆ పిల్ల నాతోపాటు ఈ ఇంట్లో ముసలిదవుతుంది. ఇదీ నా ప్రాణం మీదికి వచ్చిన సంగతి.

అసలు వినలేదని నేను ఎలా రాయను? నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చెప్తే పిచ్చి అంటారు. పాల్ సముద్రం మీంచి వస్తే వీధి గుమ్మంలో రాడు, నీకు తెలుసు. పెరటి తలుపు గొలుసు రెండుసార్లు ఆడించి "అమా, నీల్లు" అంటాడు. కాళ్ళకున్న ఉప్పు కడుక్కుంటే గానీ గడప తొక్కడు. జ్వరంలో నా రెండు చెవులూ పోయాయి కదా. అయ్యగారు మైకులో ప్రసంగం చేస్తుంటే నాకు పెదవులు కదలడమే కనిపిస్తుంది. పెళ్ళి బ్యాండు పక్కనుంచి పోతే పాదాల కింద దడ మాత్రం తెలుస్తుంది. కానీ దీపాలు పెట్టేవేళ ఆ గొలుసు చప్పుడు వినిపిస్తుందే. స్పష్టంగా వినిపిస్తుంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. అయినా గడప దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి వస్తాను. పొద్దున్నకి సగం ఉంటాయి. "ఎల్లాజీ గారి మేక తాగెల్లిపోతన్నాది అత్తా" అంటుంది రేఖ. ఆ మేకని ఎల్లాజీ వాళ్ళు కిందటి పండక్కే కోసుకు తినేశారు.

ఇప్పుడు నువ్వు రాసిన పేరు సంగతి. మన ఊళ్ళో ఎవరి ఇల్లయినా ఎలా అడుగుతారు? ఇంటిపేరు చెప్తే ఎవరికీ తెలియదు. నూకయ్య కొడుకు అంటే వేలెట్టి చూపిస్తారు. నూకయ్య లేకుండా నూకయ్య కొడుకు ఎక్కడినుంచి వస్తాడు? ఆ పిల్లకి ఆరేళ్ళంటున్నావు. పాల్ ఓడ ఆ రేవుకి ఎన్నిసార్లు వచ్చిందో. పైగా మాయ అంటున్నావు. అది మన దేశం పేరు కాదా? ఆ చలిదేశంలో ఆ పేరు ఎవరికి తోస్తుంది?

ఒక్క పని చెయ్యి. పాల్‌కి ఎడమ చెవి ముందు సూదితో పొడిచినట్టు చిన్న గుంట ఉంటుంది. మా నాన్నకి ఉండేది, మీ నాన్నకి ఉంది, నీకూ ఉంది. ఆ పిల్ల చెవి చూడు. ఫొటో పంపు.

నీ అత్త కాంతం


ఓలెసుండ్
జూలై 19, 2024

అత్తా,

నీ ఉత్తరం చదివి, ఇదంతా నీ ఊహ, అలా అనుకోవద్దు అని గట్టిగా జవాబు రాయాలని కూర్చున్నాను. రాయలేకపోయాను. చూసొచ్చి రాద్దాం అనుకున్నాను. చూశాను.

ఉంది అత్తా. ఎడమ చెవి ముందే. మాయా బొమ్మ వేస్తూ జుట్టు వెనక్కి తోసుకున్నప్పుడు కనిపించింది. నా వేలు నాకు తెలియకుండానే నా చెవి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల నావైపు చూసి నవ్వింది. జుట్టు నల్లగా ఉంటుంది, ఇక్కడి పిల్లల్లా కాదు. ఆ సాయంత్రం నేను భోజనం చేయలేదు. ఫొటో ఇందులో పెడుతున్నాను.

పేర్ల గురించి కూడా కనుక్కున్నాను. నూరేళ్ళ కిందట ఇక్కడ ఒక చట్టం వచ్చిందట. తరానికో పేరు మారితే లెక్కలు కుదరడం లేదు, ఇంటికొక పేరు స్థిరంగా పెట్టుకోండి అన్నారు. అప్పుడు ఉన్న పేర్లు ఉన్నట్టే గడ్డకట్టుకుపోయాయి. అందుకే ఇప్పుడు హాన్సెన్ అన్నవాడి తండ్రి హాన్సే అయి ఉండాలని లేదు. ఇది చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ కింద ఇంకొక మాట ఉంది. ఇప్పుడు మళ్ళీ కావాలంటే పాత పద్ధతిలో తండ్రి పేరుతో కొత్తగా పెట్టుకోవచ్చట. తల్లి పేరుతోనూ పెట్టుకోవచ్చట. అంటే రెండూ నిజమే కావచ్చు.

మాయా తండ్రి ఎవరని హెల్గాని మాటల్లో అడిగాను. "లేడు" అంది. అంతే. ఇక్కడివాళ్ళు ఒక్కమాటతో తలుపు వేసేస్తారు, మనలా పక్కన కూర్చుని ఊరడించి లాగడం కుదరదు. ఇప్పుడు సెలవు పెట్టి కూతురితో వాళ్ళ దీవికి వెళ్ళింది. తిరిగి వచ్చాక సూటిగా అడుగుతాను.

అంతవరకు రేఖక్కకి ఒక్క ముక్క చెప్పకు. నీకు దండం పెడతాను. ఏమీ తేలలేదు ఇంకా.

షాలిని


భావనపాడు
ఆగస్టు 10, 2024

నా తల్లీ షాలినీ,

నీ కడుపు చల్లగా ఉండ. ఫొటో చూశాను. భూతద్దం పెట్టి చూశాను. ఆ గుంట, ఆ జుట్టు, పెన్సిలు పట్టుకున్న చేయి. వాడే. వాడూ అలాగే బొటనవేలు లోపలికి మడిచి పట్టుకునేవాడు, ఎన్నిసార్లు బెత్తంతో కొట్టానో.

నా కొడుకు చావలేదు. ఎందుకు రావడం లేదో నాకు తెలియదు, జైల్లో ఉన్నాడో, మతి పోయిందో, ఆ హెల్గా దగ్గర ఉండి మొహం చెల్లక దాక్కున్నాడో. ఏదైనా సరే. దాక్కున్నవాడు ఒకనాటికి బయటికి వస్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారితో చెప్పేశాను, సంతకం పెట్టనని. "కారణం ఏటమ్మా?" అని పలక మీద రాసి చూపించారు. నా కొడుక్కి పిల్ల ఉంది అని చెప్పాను. గట్టిగానే అన్నానేమో. నా గొంతు నాకు తెలియదు కదా. వెనక బల్లల మీద ఆడాళ్ళందరూ ఒకేసారి తల తిప్పారు.

నువ్వు చెప్పొద్దన్నావు. నేను రేఖకి చెప్పలేదు. అయినా ఊళ్ళో ఒకచోట తుమ్మితే ఇంకోచోట చిరంజీవ అంటారు. నేను బజారు నుంచి వచ్చేసరికి నా బైబిలు తెరిచి ఉంది. ఫొటో దాని చేతిలో ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫొటో జాగ్రత్తగా మళ్ళీ అదే పేజీలో పెట్టి, నాకు అన్నం వడ్డించింది.

ఆ పిల్లకి నా పేరు చెప్పు. నానమ్మ అనడం నేర్పు. పలకలేకపోతే నెమ్మదిగా నేర్పు, కొట్టకు.

కాంతం


భావనపాడు
ఆగస్టు 21, 2024

షాలినీ,

రేఖ బొబ్బిలి వెళ్ళిపోయింది, వాళ్ళ అమ్మగారింటికి. భాస్కర్‌కి వద్దని కబురంపిందట. అతను మంచిచెడ్డా అడగకుండా సరేనన్నాడట.

వెళ్ళేముందు నా ఎదురుగా కూర్చుని, నేను పెదవులు చదువుకోవడానికి వీలుగా నిదానంగా చెప్పింది. నా ఇన్నేళ్ళ చెవుడులో అంత స్పష్టంగా ఏ మాటా విన్లేదు. "ఆరు పోయేరని ఏడిసేను అత్తా. ఆ ఏడుపయినా నాదే అనుకున్నాను. ఇప్పుడు బతికుండీ రానేదంటే, ఇన్నాల్లూ నాను ఎవులి కోసం ఏడిసినట్టు? సచ్చిపోయినోడికి పెల్లాన్నయితే ఎక్కడికైనా ఎల్తాను. ఒగ్గీసినోడికి పెల్లాన్ని ఏటి మొకం ఎట్టుకోని ఎల్తాను?"

మంగళసూత్రం బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఇన్నేళ్ళూ తీయనిది ఇప్పుడు తీసింది.

ఇల్లు బావురుమంటోంది. గొలుసు చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. నిన్న నాకు మొదటిసారి దానిమీద కోపం వచ్చింది.

కాంతం


ఓలెసుండ్
ఆగస్టు 30, 2024

అత్తా,

నీ పదో తారీఖు ఉత్తరం ఇప్పుడే చేరింది. చెప్పొద్దని రాశాను కదా! సంఘం మధ్యలో చెప్పడమేమిటి? రేఖక్కకి ఫోను చేస్తే తీయడం లేదు. మెసేజి చూసి ఊరుకుంది. ఎలా ఉందో రాయి, ముందు అది రాయి.

తప్పంతా నీదే అననులే, ఆ ఫొటో పంపింది నేను. ఈ ఊరు మనిషిని అలా చేస్తుంది. మొన్న చేపల రేవులో పసుప్పచ్చ కోటు వేసుకుని ఒకతను పెట్టెలు దించుతున్నాడు. నడక, భుజం, తలగుడ్డ కట్టిన తీరు అచ్చం బావే. పొగమంచులో వెనకాలే నడిచి "బావా!" అని పిలిచాను. అతను తిరిగాడు. శ్రీలంక తమిళతను. పాపం, నా మొహం చూసి భయపడ్డాడు. తన ఫ్లాస్కులో టీ పోసిచ్చి, ఎవరమ్మా పోయారు అని ఇంగ్లీషులో అడిగాడు. ఎవరూ పోలేదు అన్నాను. ఆ అబద్ధం నోట్లో టీకన్నా వేడిగా ఉంది.

హెల్గా వచ్చే వారం వస్తుంది.

షాలిని


ఓలెసుండ్
సెప్టెంబరు 22, 2024

అత్తా,

రేఖక్క వెళ్ళిపోయిందన్న నీ ఉత్తరం అందింది. అది పట్టుకునే హెల్గా దగ్గరికి వెళ్ళాను. దాచడం మానేసి అంతా చెప్పాను. నువ్వు, బావ, రేఖక్క, గొలుసు చప్పుడు, ఫొటో. కూతురి ఫొటో చెప్పకుండా పంపినందుకు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తన జుట్టు పైకెత్తి చెవి చూపించింది.

తన చెవి ముందు కూడా ఆ గుంట ఉంది అత్తా. ఎడమవైపే. మాయాకి అది తల్లినుంచి వచ్చింది. నల్లజుట్టు తండ్రిది. ఆయన పక్క ఊళ్ళోనే ఉన్నాడు, బతికే ఉన్నాడు, ఇద్దరికీ పడక విడిపోయారు. మాయా అన్న పేరు ఇక్కడ బోలెడుమందికి ఉంది. మనిద్దరం చూసినవన్నీ ఉన్నవే. మనకి కావలసినట్టు చూశాం.

ఇక పౌల్సెన్ సంగతి. అది వినాలంటే మా దీవికి రా అంది. ఆదివారం పడవలో తీసుకెళ్ళింది.

హెల్గా ముత్తాత తండ్రి పేరు పౌల్. చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. అప్పటికి కొడుకు హాన్స్ ఒళ్ళో పిల్లాడు. పాత పద్ధతిలో వాడు హాన్స్ పౌల్సెన్, అంటే పౌల్ కొడుకు హాన్స్. వాడికి పిల్లలు పుడితే వాళ్ళు హాన్సెన్‌లు అవుతారు. అంటే పౌల్ పేరు ఒక్క తరమే ఉండి పోతుంది.

ఆ భార్య ఏం చేసిందో తెలుసా? వలలు, పడవ ముక్కలు ఒడ్డుకి కొట్టుకొచ్చాక తనే పాస్టరు దగ్గరికి వెళ్ళి, నా మగడు పోయాడు, గంట కొట్టించండి అని అడిగిందట. కొన్నాళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. రెండో అతను పొలం ఉన్నవాడు, హాన్స్‌ని సొంత కొడుకులా పెంచాడు. హాన్స్ పెద్దవాడై పిల్లల తండ్రి అయ్యాక ఆ పేర్ల చట్టం వచ్చింది. ఊళ్ళో అందరూ గౌరవంగా ఉంటుందని పొలాల పేర్లు రాయించుకున్నారు. హాన్స్ కూడా మారుతండ్రి పొలం పేరే రాయించబోయాడు. ఆ ముసలమ్మ వద్దంది. పౌల్సెన్ అనే రాయించమంది. అప్పటినుంచి ఆ పేరు మారలేదు. మనవలు, మునిమనవలు, ఆడపిల్లలు కూడా అందరూ పాల్ కొడుకులే. పూర్వం ఆడపిల్లలకి కూతురు అని వేరే పేరుండేదట, చట్టం వచ్చాక వాళ్ళూ కొడుకులే అయిపోయారు.

ఒడ్డున ఒక రాయి ఉంది. సముద్రంలో ఉండిపోయినవాళ్ళ పేర్లన్నీ దానిమీద చెక్కారు. పౌల్ పేరు అరిగిపోయింది, వేలితో తడిమితే తెలుస్తుంది. రాయి కింద ఎవరూ లేరు. అయినా మాయా వెళ్ళి దానిముందు గులకరాళ్ళు పేర్చి వచ్చింది, అలవాటుగా. "మేము ఆయన కోసం ఎదురుచూడం, పిలుస్తుంటాం అంతే" అంది హెల్గా. తిరిగొచ్చే పడవలో నేను ఏడ్చాను అత్తా. బావ పోయాడని నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

ఈ ఉత్తరం నకలు రేఖక్కకి కూడా పంపాను. బావ ఎవరినీ వదిలేసి పోలేదని రాశాను.

నీ షాలిని


భావనపాడు
అక్టోబరు 9, 2024

షాలినీ,

నీ కథ బాగుంది. తెల్లవాళ్ళ ముసలమ్మకి వలలు దొరికాయి, పడవ ముక్కలు దొరికాయి. నాకు ఏం దొరికాయి? చెప్పు కూడా దొరకలేదు. దొరికినవాళ్ళు గంటలు కొట్టించుకుంటారు.

రేఖ మీద జాలితో నువ్వు ఇదంతా అల్లి రాశావేమోనని అనిపిస్తోంది. చిన్నప్పుడూ ఇంతే, పాల్‌ని బెత్తం దెబ్బ తప్పించడానికి ఎన్ని అల్లేదానివి. ఊరంతా నిన్ను వాడి పెళ్ళామని ఏడిపించేవారు, గుర్తుందా. నువ్వు కూడా వాడిని వదిలేస్తే ఇక వాడికి మిగిలింది నేనొక్కదాన్నే.

జవాబు రాయకు.

కాంతం


భావనపాడు
నవంబరు 4, 2024

నా తల్లీ షాలినీ,

జవాబు రాయకు అంటే నిజంగానే రాయలేదు నువ్వు. ఎప్పటినుంచి ఇంత మాట వినేదానివయ్యావు?

నీమీద అలిగి కొన్నాళ్ళు నీ ఉత్తరం ముట్టుకోలేదు. తర్వాత మళ్ళీ చదివాను. ఆ ముసలమ్మ నన్ను వదల్లేదే. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నట్టు ఉండేది. మగడు చనిపోయాడని నోటితో అంది, పేరు మాత్రం పోనివ్వలేదు. నేనేమో చనిపోయాడని అనలేదు, అందుకే ఊళ్ళో అందరూ నా ఎదుట వాడి పేరెత్తడం మానేశారు. ఏమని మాట్లాడాలో తెలియక. ఉన్నాడనాలా, ఉండేవాడనాలా? ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో పాల్ అన్న పేరు ఎవరు పలికారు? రేఖ కూడా పేరెత్తక ఆరు, అంటే వారు, అనేది.

బస్సెక్కి బొబ్బిలి వెళ్ళాను. రేఖ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి తడిచీర అలాగే భుజాన వేసుకుని నిలబడిపోయింది. చిక్కిపోయింది. చదివావా షాలిని రాసింది అన్నాను. తలూపింది. పాల్ నిన్ను వదిలెయ్యలేదే, సముద్రం ఉంచేసుకుంది అన్నాను. ఆ మాట నా నోటితో అన్నది అదే మొదలు. అది నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. ఏడుపు వినిపించదు కదా నాకు, నా ఛాతీకి తెలిసింది.

అక్కడినుంచి ఇద్దరం వకీలు దగ్గరికి వెళ్ళాం. "ఇన్నేళ్ళుగా నా కొడుకు గురించి నేనేమీ వినలేదు." చదివి, సంతకం పెట్టాను. మెట్లు దిగుతుంటే నా చేయి రేఖ పట్టుకుంది. మిగతా పనికి కోర్టువారు ఎన్నాళ్ళు తీసుకుంటారో వాళ్ళిష్టం. భాస్కర్ ఆగుతానన్నాడు.

సమాధుల పండక్కి ముందే రాయి వేయించాలని పట్టుబట్టాను. రాళ్ళు చెక్కే నూకయ్యని పిలిపించాను. పేరు, పుట్టిన తేదీ రాసుకున్నాడు. పోయిన తేదీ దగ్గర ఓడ బయల్దేరిన తేదీ రాయమన్నాను. మన శ్మశానంలో ఏ రాయి చూసినా పేరు కింద తండ్రి పేరుంటుంది, నీకు తెలుసు. అది అడిగాడు. కాంతం కొడుకు అని చెక్కమన్నాను. నావైపు వింతగా చూసి, నాకు తెలిసేలా పెద్దగా నోరు తెరిచి చెప్పాడు: "తల్లి పేరు ఎక్కడా ఎయ్యరు పంతులమ్మా. డేవిడ్‌రాజు బాబు పక్కనే ఉన్నారు గదా, ఆరేటనుకుంతారు?" ఏమీ అనుకోరు, నువ్వు చెక్కు, ఊరంతా వాడినలాగే పిలిచింది అన్నాను. ఉలి చేతికి తీసుకుని "అదీ నిజిమే. నానూ అలాగే పిలిసీవోన్ని" అన్నాడు. చెక్కేశాడు. పాల్, కాంతం కొడుకు. నీ భాషలో కాంతంసెన్.

రెండో తారీఖున రేఖ, భాస్కర్ వచ్చారు. అతను చొక్కా చేతులు మడిచి రాయికి సున్నం వేశాడు. అక్షరాల్లో సున్నం పడకుండా చిన్న పుల్లతో తీశాడు. మంచివాడే. రేఖ కొవ్వొత్తులు ముట్టించింది. సముద్రం గాలికి ఆరిపోతుంటే చీర కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. జనం ఒక్కొక్కరే మన రాయి దగ్గరికి వచ్చారు. ఎల్లాజీ పెళ్ళాం పాల్ చిన్నప్పుడు వాళ్ళ పడవ తాడు విప్పేసిన సంగతి చెప్పినట్టుంది, అందరూ నవ్వారు. అందరి పెదవుల మీదా వాడి పేరు చూశాను. ఒక్కరోజులో అన్నిసార్లు. నాకు సంతోషం వేసింది, నిజం చెప్తున్నాను.

మాయా బొమ్మ ఒకటి పంపమని అడుగు. ఆ పిల్ల నాకేమీ కాదని తెలుసు. అయినా దానిమీద బెంగ పోలేదు.

ఒక్క సంగతి మిగిలింది. చెంబు మానలేదు. దీపాలు పెట్టేవేళ నీళ్ళు పోసి గడప దగ్గర పెడుతూనే ఉన్నాను. పండగనాడు పెట్టాను, నిన్నా పెట్టాను. పెరటి తలుపుకి ఆనుకుని కూర్చున్నాను, గొలుసు చేత్తో పట్టుకుని. చప్పుడు రాలేదు. పొద్దున్నకి చెంబు నిండుగానే ఉంది. ఒక్క చుక్క తగ్గలేదు. వాడు రావడం లేదు.

ఇప్పుడు నాకు నిజంగా చెవుడొచ్చింది, షాలినీ.

పాల్ తల్లి,
కాంతం